డాక్టర్ హూ వినడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బ్రిటన్ టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’ ఆధారంగా వచ్చిన ఆడియో నాటకాల గురించి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ హూ కొత్త సిరీస్‌లో కొన్ని భాగాలు చూశాను. ఆ నటులే గొంతు ఇచ్చిన ఆడియో కథలు వందల్లో ఉన్నాయని తెలిసింది. జాబితా తెరిస్తే కళ్లు తిరిగాయి. టీవీలో వచ్చినవన్నీ చూశాకే వినాలా? దేనితో మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

అన్నీ చూడనక్కర్లేదు. కథానాయకుడి పేరు డాక్టర్, వేరే గ్రహం మనిషి, టార్డిస్ అనే యంత్రంలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతాడు, చావు దగ్గరికి వస్తే ఒళ్లు మార్చుకుని కొత్త మనిషి అవుతాడు. ఈ మాత్రం తెలిస్తే చాలు. ఒళ్లు మారుతుంది కాబట్టే ఒక్కో కాలంలో ఒక్కో నటుడు ఆ పాత్ర వేశాడు, వాళ్లను ఐదో డాక్టర్, ఆరో డాక్టర్ అని లెక్కపెట్టుకుంటారు.

టీవీలో ఇది 1963 నవంబర్ 23న మొదలై 1989లో ఆగింది. 1996లో ఒక టీవీ సినిమా వచ్చింది. మళ్లీ సిరీస్‌గా రావడం 2005లోనే. ఈ ఖాళీలో పుట్టినవే మీరు అడిగే నాటకాలు. బిగ్ ఫినిష్ అనే బ్రిటిష్ సంస్థ బీబీసీ అనుమతితో 1999 జులైలో మొదటిది విడుదల చేసింది. ఐదు, ఆరు, ఏడో డాక్టర్లుగా టీవీలో నటించిన పీటర్ డేవిసన్, కాలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ ముగ్గురూ అందులో ఉన్నారు. నెలనెలా వచ్చిన ఆ వరుస 2021లో 275వ నాటకంతో ముగిసింది. దానికి పక్కన వేరే వరుసలు ఎన్నో నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. జాబితా చూసి మీకు కళ్లు తిరగడంలో వింతేమీ లేదు.

కొత్తవాళ్లు చేసే మొదటి పని ఒకటో నంబర్‌తో మొదలుపెట్టడం. మేము వద్దంటాం. అందులో ముగ్గురు డాక్టర్లు మూడు వేరువేరు చోట్ల ఉండి చివరికి కలుస్తారు. ఆ గొంతులు ముందే తెలిసినవాళ్లకు అది పండగ, తెలియనివాళ్లకు గందరగోళం.

2001లో వచ్చిన ‘స్టార్మ్ వార్నింగ్’తో మొదలుపెట్టండి. ఎనిమిదో డాక్టర్ పాల్ మెగాన్‌కు ఇదే మొదటి ఆడియో నాటకం. అంతకు ముందు ఆయన ఆ పాత్ర వేసింది 1996 సినిమాలో ఒక్కసారే. అందుకే మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పాత సంగతులు దాదాపు ఏమీ ఉండవు. కథ జరిగేది 1930 అక్టోబర్‌లో, ఆర్101 అనే ఎయిర్‌షిప్‌లో. అది నిజంగా ఉన్న ఓడే. ఇంగ్లండ్ నుంచి అప్పటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీకి బయల్దేరి, ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర కూలిపోయింది. ఉన్న 54 మందిలో 48 మంది చనిపోయారు. దొంగతనంగా అందులోకి ఎక్కిన చార్లీ పోలార్డ్ అనే అమ్మాయి డాక్టర్‌కు తోడవుతుంది. ఆమెతో పాటే మీరూ అన్నీ కొత్తగా తెలుసుకుంటారు. అది నచ్చితే అదే జంటతో 2002లో వచ్చిన ‘ద చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’ వినండి. ఒకే ఇల్లు, కొద్దిమంది పనివాళ్లు, గడియారం చప్పుడు. దీన్ని రాత్రిపూట వినాలి.

మీకు చరిత్ర ఇష్టమైతే 2000లో వచ్చిన ‘ద మేరియన్ కాన్‌స్పిరసీ’ కూడా మంచి ద్వారమే. ఇందులో ఆరో డాక్టర్‌కు తోడు చరిత్ర పాఠాలు చెప్పే ఎవలిన్ స్మైత్, వయసు మళ్లిన లెక్చరర్. టీవీలో కాలిన్ బేకర్‌ను 1986 తరువాత తప్పించారు, ఆయన డాక్టర్‌కు నిలదొక్కుకునే సమయమే దొరకలేదు. ఆ పాత్ర ఎంత లోతైనదో ఈ నాటకాల్లోనే తెలుస్తుంది. మా దృష్టిలో ఆడియో వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది ఆయనకే.

ఇవి టీవీ మిగిల్చిన ముక్కలని ఎవరైనా అంటే నమ్మకండి. 2003లో వచ్చిన ‘జూబిలీ’ రాసిన రాబర్ట్ షియర్‌మన్ చేతనే, ఆ ఆలోచన ఆధారంగా, 2005 టీవీ సిరీస్‌లో ‘డాలెక్’ భాగం రాయించారు. డాలెక్‌లంటే ఇనుప తొడుగుల్లో ఉండి యంత్రం గొంతుతో మాట్లాడే, డాక్టర్‌కు బద్ధశత్రువులైన జీవులు. 2013లో బీబీసీ విడుదల చేసిన ఒక చిన్న భాగంలో ఎనిమిదో డాక్టర్ చనిపోయే ముందు తన స్నేహితుల పేర్లు తలుచుకుంటాడు. చార్లీతో సహా ఆ పేర్లన్నీ ఆడియోలో పుట్టినవే.

ప్రశ్న: రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో పోయి వస్తాను. ఆ టైంలో విందామంటే బస్సు రొదలో సగం మాటలు వినపడవు. సౌండ్ పెంచితే ఉన్నట్టుండి పేలుడు వచ్చి చెవి అదిరిపోతుంది. పైగా ఆ యాస ఒక పట్టాన అర్థం కాదు. ఏం చేయమంటారు?
– ప్రైవేటు ఉద్యోగి, చిత్తూరు

రొద సంగతి ముందు చూద్దాం. మన ఆర్టీసీ బస్సుల్లో ఎక్కువ వాటికి ఇంజన్ ముందు ఉంటుంది. డ్రైవర్ వెనక రెండు మూడు వరుసలు అన్నిటికన్నా రొద. చివరి వరుసలో వెనక చక్రాల కుదుపు. నడిమి వరుసల్లో, కిటికీ అద్దం మూసే సీటు చూసుకోండి. గాలి హోరు కూడా మాటను మింగేస్తుంది.

ఇయర్‌ఫోన్స్ చెవి రంధ్రంలోకి పోయి కూర్చునే రకం కావాలి, రబ్బరు టోపీ ఉన్నవి. వాటితో సాధారణంగా మూడు సైజుల టోపీలు ఇస్తారు. చాలామంది ముందే తొడిగి ఉన్న నడిమి సైజుతోనే సరిపెట్టుకుంటారు. మూడూ వేసి చూడండి, రెండు చెవులకు వేరువేరు సైజులు పట్టడం కూడా మామూలే. సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే తలలోపల మోగినట్టు వినిపిస్తుంది. రొదను రద్దుచేసే సౌకర్యం ఉన్నవి ఇంజన్ గుర్రు లాంటి ఆగని, లోతు శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి. హారన్ మీద, పక్క సీటు మాటల మీద అంతగా పనిచేయవు.

తరువాత ఈక్వలైజర్, అంటే లోతు శబ్దాలనూ సన్న శబ్దాలనూ విడివిడిగా పెంచే, తగ్గించే మీటలు. ఇంజన్ గుర్రు ఎక్కువగా 250 హెర్ట్జ్ కింద ఉంటుంది. ఇంగ్లిష్ మాటను విడమరిచి వినిపించే స, ట, క, ఫ లాంటి హల్లుల బలం 2,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. కాబట్టి 150 హెర్ట్జ్ కింద బాగా తగ్గించి, 2,000 నుంచి 4,000 దగ్గర 3 డెసిబెల్స్ పెంచండి. అంతకు మించి పెంచితే ‘స’ అన్నప్పుడల్లా చెవిలో గీరినట్టు ఉంటుంది. పాటల కోసం ఎప్పుడో పెట్టుకున్న ‘బాస్ బూస్ట్’ అలాగే ఉండిపోతే మాట ఎప్పటికీ తేలదు, అది ముందు ఆపేయండి.

పేలుడుకీ గుసగుసకీ మధ్య అంత తేడా ఉండటం నాటకం తయారీలోనే ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినేవాళ్ల కోసం అలా కలుపుతారు. కొన్ని ఆడియోబుక్ ఆప్‌లలో ‘వాల్యూమ్ బూస్ట్’ లేదా ‘లౌడ్‌నెస్’ అని ఒక మీట ఉంటుంది. అది చిన్న శబ్దాన్ని పైకి లాగి, పెద్దదాన్ని అణుస్తుంది. బస్సులో వేయండి, ఇంట్లో తీసేయండి. ఇంట్లో కూడా వేసుకుంటే గుహలోని నిశ్శబ్దం, గుసగుసలోని భయం రెండూ పోతాయి. ఇంత చేసినా వినపడకపోతే ఆ రోజుకు నాటకం మానేయండి, సౌండ్ మాత్రం పెంచకండి. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, 90 దగ్గర 4 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. రోజూ రెండు పూటలా బస్సులో వినే మీకు ఈ లెక్క నేరుగా వర్తిస్తుంది.

ఇక యాస. వేగం 0.9కి తగ్గించండి. 0.8 కన్నా తగ్గిస్తే సంగీతం సాగి వణుకుతుంది. మొదలుపెట్టే ముందు నటుల జాబితా, కథ గురించి ఇచ్చిన నాలుగు వాక్యాలు చదివి, పాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకోండి. ఈ నాటకాల్లో పాత్రలు పది లోపే ఉంటాయి, మొదటి భాగం అయ్యేసరికి ఆ చీటీతో పని ఉండదు. ఒకే నటుడు రెండు చిన్న పాత్రలు వేయడం ఉంది, గొంతు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే అనుకోకండి. గ్రహాల పేర్లు, యంత్రాల పేర్లు అర్థం కాలేదని వెనక్కి తిప్పకండి. వాటిలో చాలావాటికి అర్థమే ఉండదు. ఈ సన్నివేశంలో ఎవరికి ఏం కావాలి, అడ్డం ఎవరు అన్నది పట్టుకుంటే కథ వదలదు.

నెలవారీ వరుసలోని నాటకం ఎక్కువగా నాలుగు భాగాలు, ఒక్కో భాగం సుమారు 25 నుంచి 30 నిమిషాలు, ప్రతి భాగం చివర ఉత్కంఠ. చిత్తూరులో బస్సు కదిలాక మొదలుపెడితే గాదంకి టోల్‌గేట్ చుట్టుపక్కల ఒకటి రెండు భాగాలు అవుతాయి. భాగం మధ్యలో ఆపకుండా, భాగం చివర ఆపే అలవాటు చేసుకోండి. మరుసటి రోజు అందుకోవడం తేలిక.

ప్రశ్న: కొనడం ఎలా? కార్డు పనిచేయలేదు. స్నేహితుడు కొన్నది చూస్తే ఫైళ్లు వరుస తప్పి, మొదటి భాగం తరువాత పదో భాగం వచ్చింది.
– దుకాణదారుడు, పుత్తూరు

ధర పౌండ్లలో ఉంటుంది కాబట్టి అది విదేశీ లావాదేవీ. 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం మూసే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. మీ బ్యాంకు ఆప్‌లో కార్డు సెట్టింగ్స్‌కు వెళ్లి ‘ఇంటర్నేషనల్’, ‘ఆన్‌లైన్’ రెండూ తెరిచి, చిన్న పరిమితి పెట్టి, కొన్నాక మూసేయండి. మారకం మీద బ్యాంకు రుసుము సాధారణంగా 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ పడుతుంది. ఒక్కొక్కటీ కొనే బదులు రాయితీ ఉన్నప్పుడు నాలుగైదు కలిపి కొనండి.

బిగ్ ఫినిష్ సైట్‌లో కొన్నవి వాళ్ల ఆప్‌లో వినవచ్చు, ఫైళ్లుగా దించుకోనూ వచ్చు. ఫైళ్లు రెండు రకాలు. ఎంపీ3 అయితే ముక్కలు ముక్కలుగా, జిప్ మూటలో వస్తుంది. ఎం4బీ అయితే నాటకం అంతా కలిసి వస్తుంది, ఆపిన చోటును ఆడియోబుక్ ఆప్ గుర్తుపెట్టుకుంటుంది. మీకు రెండోదే మేలు. పాటల ఆప్‌లో వినకండి. పేరులోని మొదటి అక్షరం చూసి వరుస పెట్టే ఆప్‌కు 1 తరువాత 2 కన్నా 10 ముందు. ఎంపీ3లే ఉంటే ఒక్కో నాటకానికి ఒక్కో ఫోల్డర్ చేసి, ఫైళ్ల పేర్లు 01, 02, 03 అని మార్చండి. షఫుల్ గుర్తు ఆపి ఉందో లేదో చూడండి, సగం ఫిర్యాదులకు కారణం అదే. చోటు గురించి భయం వద్దు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, రెండు గంటల నాటకం 120 ఎంబీ లోపే. జిప్‌ను విప్పేటప్పుడు మాత్రం కాసేపు అంతకు రెట్టింపు ఖాళీ కావాలి.

ప్రశ్న: అలిపిరి మెట్ల మీద నడుస్తూ వినవచ్చా?
– గృహిణి, తిరుచానూరు

రెండు చెవులూ మూసుకుని మాత్రం వద్దు. 2023లో ఆ దారిలో చిన్నపిల్లల మీద చిరుత దాడి చేసిన ఘటనలు మీకు తెలిసినవే. వెనక నుంచి వచ్చేవాళ్ల కేక, ‘జరగండమ్మా’ అన్న మాట వినపడాలి. ఒక చెవికే పెట్టుకునేట్టయితే ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’ కింద ‘మోనో ఆడియో’ వేయండి, అది రెండు వైపుల శబ్దాన్నీ కలిపి వినిపిస్తుంది. నాటకంలో ఒక మనిషిని ఎడమకూ ఒకరిని కుడికీ కూర్చోబెడతారు, మోనో లేకపోతే వాళ్లలో ఒకరు చాలావరకు మాయమవుతారు. ముందే ఇంట్లో దించుకోండి, కొండ దారిలో సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. మా సలహా అడిగితే, ఎక్కేటప్పుడు ఆయాసంలో కథ మీద ధ్యాస నిలవదు. వచ్చాక వినండి.

ప్రశ్న: 1960లలో ప్రసారమైన డాక్టర్ హూ భాగాలు చాలా పోయాయని, కానీ వాటి శబ్దం మాత్రం ఉందని చదివాను. బొమ్మ పోయి శబ్దం ఎలా మిగిలింది? అవి కూడా ఆడియో నాటకాల లాగే ఉంటాయా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, చంద్రగిరి

మీరు చదివింది నిజమే మాస్టారూ. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదు, మళ్లీ ప్రసారం చేయాలంటే హక్కుల చిక్కులు, ఇళ్లలో చూసుకునే వీడియో యంత్రాలు లేవు. దాచి ఏం లాభమని బీబీసీ 1960ల చివర నుంచి 1970లలో టేపులు చెరిపి మళ్లీ వాడుకుంది, ఫిల్మ్ ప్రతులను పారేసింది. మొదటి ఇద్దరు డాక్టర్ల కాలం నాటివి తొంభైకి పైగా భాగాలు ఇప్పటికీ దొరకలేదు.

శబ్దాన్ని కాపాడింది ప్రేక్షకులు. కొందరు టీవీ ముందు మైకు పెట్టి, కొందరు టీవీకే తీగ కలిపి, ఇంటి టేప్‌రికార్డర్లలో ఎక్కించుకున్నారు. అలా వేరువేరు ఇళ్లలో మిగిలిన టేపులను పోల్చి, ఒకదానిలోని లోపాన్ని ఇంకోదానితో పూడ్చి శుభ్రం చేశారు. పోయిన ప్రతి భాగానికీ శబ్దం ఉంది. ఒక్కటీ తప్పలేదు. మన దగ్గర రేడియో నాటకాలను ఇంట్లో టేపుల మీద ఎక్కించి దాచుకున్న శ్రోతలున్నారు, ఈ మాట విలువ వాళ్లకు బాగా తెలుస్తుంది.

కానీ వినే తీరు వేరు. బిగ్ ఫినిష్ నాటకం చెవి కోసమే రాసింది. ఇవి కంటి కోసం తీసినవి, మాట లేకుండా చేతలే నడిచే నిమిషాలు చాలా ఉంటాయి. అందుకే బీబీసీ వాటిని విడుదల చేసినప్పుడు మధ్యమధ్య వివరించే గొంతు చేర్చింది. ఆ వివరణ లేని ప్రతి దొరికితే వదిలేయండి, తలుపు చప్పుళ్లు తప్ప ఏమీ అర్థం కాదు.

మీకు ‘మార్కో పోలో’తో మొదలుపెట్టమని చెబుతాం. 1964 నాటి ఏడు భాగాలు, అన్నీ పోయినవే. మన పాఠ్యపుస్తకాల్లో రుద్రమదేవి, మోటుపల్లి రేవు పాఠంలో వచ్చే మార్కో పోలోనే. 1289లో అతని బిడారుతో కలిసి మొదటి డాక్టర్, ఆయన తోడున్నవాళ్లు కుబ్లాయ్ ఖాన్ కొలువు దాకా పోతారు. మొదటి సహచరుల్లో ఒకరైన విలియం రస్సెల్ వివరణ చదివారు. రాక్షసులు, అంతరిక్ష నౌకలు లేవు, టార్డిస్‌ను పోలో లాక్కోవడమే చిక్కు. రోజుకు ఒక్క భాగం చొప్పున వారం పెట్టుకుని వింటే ప్రయాణపు అలసట కూడా తెలుస్తుంది.

రెండోది ‘ద పవర్ ఆఫ్ ద డాలెక్స్’. 1966, ఆరు భాగాలు, రెండో డాక్టర్ ప్యాట్రిక్ ట్రౌటన్ తొలి కథ. ఒక నటుడి స్థానంలో ఇంకొకరు వచ్చినా అదే డాక్టర్ అని జనం ఒప్పుకుంటారా లేదా అన్నది ఈ కథతోనే తేలింది. మిగిలిన ఆ శబ్దానికే 2016లో యానిమేషన్ బొమ్మలు చేశారు. ముందు విని, తరువాత చూడండి.

ప్రశ్న: మా కాలేజీ వార్షికోత్సవానికి పది నిమిషాల తెలుగు సైన్స్ ఫిక్షన్ ఆడియో నాటిక చేస్తున్నాం. డాలెక్ గొంతు లాంటి యంత్రం గొంతు కావాలి. ఫోన్‌లో రికార్డు చేస్తే గది మోగుతోంది. స్టూడియోకు డబ్బుల్లేవు.
– ఇంజనీరింగ్ విద్యార్థులు, చిత్తూరు

స్టూడియో అక్కర్లేదు. అయితే డాలెక్‌లను వాడకండి. ఆ సృష్టి మీద రచయిత టెర్రీ నేషన్ వారసులకు హక్కులున్నాయి, డబ్బు తీసుకోకపోయినా ఇంటర్నెట్‌లో పెడితే తీసేయమనవచ్చు. సొంత యంత్రాన్ని పుట్టించండి, పద్ధతి మాత్రం తీసుకోండి.

ఆ గొంతు రింగ్ మాడ్యులేటర్‌తో వస్తుంది. మాటను సుమారు 30 హెర్ట్జ్ సైన్ తరంగంతో గుణిస్తారు. తరంగం ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి గొంతు సెకనుకు 60 సార్లు తెగి అతుక్కుంటుంది, గొంతులోని ప్రతి స్వరం 30 పైకీ 30 కిందికీ చీలుతుంది. గరగర అక్కడిదే. ఉచిత ఆడియో ఎడిటర్లకు రింగ్ మాడ్యులేటర్ ప్లగిన్లు దొరుకుతాయి. 30తో మొదలుపెట్టి అటూఇటూ జరిపి వినండి. 100 దాటితే గంట మోగినట్టయి మాట పోతుంది.

మీట ఒక్కటే చాలదు, పలికే తీరు సగం పని. 2005 నుంచి టీవీలోనూ, అంతకు ముందు నుంచే ఆడియోలోనూ డాలెక్‌లకు గొంతు ఇస్తున్న నికలస్ బ్రిగ్స్ మాట్లాడుతున్నప్పుడే మాడ్యులేటర్‌ను నడిపి, తన గొంతు ఎలా తెగుతోందో వింటూ పలుకుతాడు. మీరు తరువాత కలిపినా సరే, ఒకే శ్రుతిలో, అక్షరం అక్షరం విడదీసి, బిగ్గరగా చెప్పించండి. తెలుగులో మాట చివరి హ్రస్వాక్షరం ఆ తెగడంలో మాయమైపోతుంది. ‘కదలకు’ అన్నది ‘కదల’ అని వినిపిస్తే అర్థమే మారిపోతుంది. చివరి అక్షరాన్ని కొద్దిగా సాగదీయమనండి. యంత్రానికి చిన్న వాక్యాలు రాయండి, మూడు నాలుగు మాటలకు మించకుండా.

గది మోగడానికి కారణం ఉత్త గోడలు, టైల్స్ నేల, శ్లాబు. పరుపులు, బట్టలు ఉన్న చిన్న గది చూసుకోండి. నేల మీద బొంత, నటుడి వెనకా పక్కలా తాళ్ల మీద దుప్పట్లు. మనిషి ముందు కన్నా వెనక కప్పడం ముఖ్యం, ఎందుకంటే మైకు చూసేది అటువైపే. ఫ్యాను ఆపండి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ, ఫ దగ్గర గాలి దెబ్బ తగిలి ‘బుస్’ మంటుంది. రికార్డింగ్ వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్. అరిచే మాటలు కూడా రికార్డింగ్ మీటరు మీద మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. దాటి పగిలిన శబ్దాన్ని తరువాత ఎవరూ బాగుచేయలేరు. అందరూ మౌనంగా ఉన్న గదిని 30 సెకన్లు విడిగా ఎక్కించుకోండి. మాటల మధ్య కత్తిరించిన చోట అది పరిస్తే అతుకు తెలియదు. కాగితం చప్పుడు రాకుండా స్క్రిప్టును ఇంకో ఫోన్‌లో చూసి చదవండి.

పది నిమిషాలకు 900 మాటలు చాలు, మిగతాది శబ్దాలకు వదలండి. రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు కనిపించేదాన్ని పాత్ర చేత చెప్పించడం. ‘అయ్యో, నా ముందు ఆరడుగుల ఇనుప మనిషి నిలబడి ఉన్నాడు’ అని ఎవరూ అనరు. బరువైన ఇనుప అడుగులు దగ్గరికి వచ్చి ఆగాలి. రెండు క్షణాల నిశ్శబ్దం. ఆపైన గుసగుసగా, ‘మామా, వెనక్కి తిరగొద్దు.’ వినేవాడు ఆ ఇనుప మనిషిని తనే తయారుచేసుకుంటాడు, మీరు వర్ణించేదానికన్నా భయంకరంగా.

శబ్దాలకు ఇల్లు వెతకండి. స్టీలు బిందెలోకి నోరు పెట్టి మాట్లాడితే ఇనుప తొడుగు లోపలి గొంతు వస్తుంది. బీరువా తలుపును నెమ్మదిగా తోసి, ఆ రికార్డును సగం వేగంతో నడిపిస్తే పెద్ద ఉక్కు ద్వారం. టార్డిస్ చప్పుడు చేసిన బ్రయన్ హాడ్జ్‌సన్ వాడింది కూడా పాత పియానో తీగల మీద గీసిన తాళంచెవే. బీబీసీలో ప్రత్యేక శబ్దాలు తయారుచేసే విభాగమైన రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో ఆ గీత చప్పుడును సాగదీసి, వెనక్కి తిప్పి కలిపారు.

వార్షికోత్సవం పందిట్లో స్పీకర్లు ఎక్కువగా మోనోలో మోగుతాయి. ఎడమ కుడి తేడాల మీద ఆధారపడిన సన్నివేశం పెట్టుకోకండి. ముందు రోజు సాయంత్రం అక్కడే, అదే స్పీకర్ల మీద వేసి, చివరి కుర్చీల వరుసలో నిలబడి యంత్రం మాటలు వినండి. మాట పట్టకపోతే మాడ్యులేటర్ కలిపిన గొంతు కింద మామూలు గొంతును సన్నగా, పావు వంతు కలిపి మళ్లీ వేయండి.